గుప్పిట్లో కంప్యూటరు... తెర ఎవరి వైపు?

పాల కేంద్రం నుంచి పత్తి కాటా దాకా, రేషన్ షాపు నుంచి పింఛను దాకా మెట్ట పల్లెల బతుకంతా ఇప్పుడు చేతిలో ఇమిడే యంత్రాలతో ముడిపడింది. కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతానికి ఈ చిన్న కంప్యూటర్లు ఏం తెచ్చాయి? ఇంకా ఏం తేవాలి?

పత్తి తీతలు ముమ్మరంగా సాగే రోజుల్లో ఈ పల్లెల్లో పొద్దు పాల కేంద్రం దగ్గరే పొడుస్తుంది. గేదె పాలు కాసిని మిషన్‌కు పట్టిస్తే వెన్న శాతం, ఇతర ఘనపదార్థాల శాతం అంకెల్లో కనిపిస్తాయి. వెంటనే చీటీ బయటికొస్తుంది. కాసేపటికి విజయవాడ బస్సు ఎక్కితే కండక్టరు చేతిలోని 'టిమ్' మిషన్ టికెట్టు కొట్టి ఇస్తుంది. కరెంటు బిల్లు తీసే మనిషి మీటరు ముందు నిలబడి అక్కడికక్కడే బిల్లు అచ్చు వేస్తాడు. రేషన్ షాపులో ఈ-పోస్ మీద వేలు పెట్టాకే బియ్యం తూకం వేస్తారు. కీసర టోల్‌గేటు దగ్గర కారు అద్దానికి అతికించిన ఫాస్టాగ్‌ను యంత్రం చదవగానే డబ్బు దానంతటదే కట్ అవుతుంది. చేలో మోటారును రైతు ఇంటి అరుగు మీద కూర్చుని సెల్లుతోనే ఆన్ చేస్తున్నాడు.

వీటిని మనం మిషన్ అంటాం, సెల్లు అంటాం, పోస్ అంటాం. లోపల ఉన్నది మాత్రం కంప్యూటరే. లెక్క చేసే చిప్పు, గుర్తుపెట్టుకునే మెమొరీ, చూపించే తెర లేదా అచ్చు వేసే రీలు అన్నీ అందులో ఉన్నాయి. ఒకప్పుడు కంప్యూటరు చూడాలంటే విజయవాడో హైదరాబాదో వెళ్లాల్సి వచ్చేది. ఇప్పుడు 65వ నంబరు జాతీయ రహదారికి ఇరుపక్కలా ఉన్న ప్రతి ఊళ్లో, దాదాపు ప్రతి ఇంట్లో అది ఉంది. ఇంత దగ్గరికొచ్చిన యంత్రం మన మాట వింటోందా, మనకు అర్థమయ్యేలా జవాబు చెబుతోందా అన్నదే ఇక తేల్చుకోవాల్సిన విషయం.

గది నుంచి గుప్పిట్లోకి

1946లో అమెరికాలో లోకానికి చూపిన ఎనియాక్ కంప్యూటరు బరువు సుమారు 27 టన్నులు. అందులో 18 వేల దాకా వాక్యూమ్ ట్యూబులు ఉండేవి. 1971లో ఇంటెల్ సంస్థ 2,300 ట్రాన్సిస్టర్లను ఒకే చిప్పు మీదికి ఎక్కించి 4004 మైక్రోప్రాసెసర్‌ను తెచ్చింది. యంత్రం గుప్పిట్లో ఇమిడేంత చిన్నదవడానికి అదే దారి వేసింది. ఆ మరుసటి ఏడాదే ఆలన్ కే అనే శాస్త్రవేత్త, పిల్లలు పుస్తకంలా వెంట పట్టుకెళ్లే కంప్యూటరు ఎలా ఉండాలో 'డైనాబుక్' పేరుతో ఒక వ్యాసంలో వర్ణించాడు. వెంట తీసుకెళ్లే కంప్యూటరును ఆయన మొదట పిల్లల కోసమే ఊహించాడు.

1981లో వచ్చిన ఆస్బోర్న్-1 బజారులో అందరూ కొనుక్కోగలిగిన తొలి పోర్టబుల్ కంప్యూటర్లలో ఒకటి. ధర 1,795 డాలర్లు, బరువు 11 కిలోలకు దగ్గర, తెర ఐదంగుళాలు. పట్టుకెళ్లడానికి పిడి ఉండేది కానీ బ్యాటరీ లేదు, ప్లగ్గు ఉన్నచోటే పనిచేసేది. 1982లో గ్రిడ్ కంపాస్ మూతలా మడిచే రూపాన్ని ఇచ్చింది. నేటి ల్యాప్‌టాప్‌లన్నీ ఆ పద్ధతివే. 1983లో వచ్చిన టీఆర్‌ఎస్-80 మోడల్ 100 అనే కంప్యూటరు మామూలు పెన్‌టార్చి సైజు బ్యాటరీలు నాలుగు వేస్తే గంటల తరబడి నడిచేది. బరువు కిలోన్నర లోపే. ఊళ్లు తిరిగే విలేకరులు దాన్ని ఎంతో ఇష్టంగా వాడారు.

తర్వాతి మార్పు బ్యాటరీలో వచ్చింది. తేలిగ్గా ఉండి, మళ్లీ మళ్లీ ఛార్జింగ్ పెట్టుకోగల లిథియం-అయాన్ బ్యాటరీని 1991లో సోనీ సంస్థ బజారులోకి తెచ్చింది. దాని వెనుక కృషి చేసిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యొషినోలకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది. 1996లో పామ్ పైలట్, 2007లో ఐఫోన్, 2008లో తొలి ఆండ్రాయిడ్ ఫోను వచ్చాయి. పల్లెకు అసలైన మలుపు మాత్రం 2016లో వచ్చింది. ఆ ఏప్రిల్‌లో యూపీఐ, సెప్టెంబరులో జియో మొబైల్ సేవలు మొదలయ్యాయి. డేటా చవకైంది, సెల్లు నుంచి సెల్లుకు డబ్బు పంపడం తేలికైంది. సంతలో కూరగాయల గంప పక్కన క్యూఆర్ కోడ్ అట్ట నిలబడింది ఆ తర్వాతే.

మనవాళ్ల కలలు, కష్టాలు

ఈ కథలో మనవాళ్ల పాలు తక్కువేం కాదు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన ఏఎస్ రావు సారథ్యంలో 1967లో హైదరాబాదులో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ ఏర్పడింది. 1969లో అక్కడినుంచి టీడీసీ-12 కంప్యూటరు వచ్చింది. మనం ఓటు వేసే ఈవీఎంలు తయారుచేసే రెండు ప్రభుత్వ సంస్థల్లో ఈసీఐఎల్ ఒకటి. బ్యాటరీ మీద నడిచే ఆ పెట్టె కూడా ఊరూరా తిరిగే చిన్న లెక్కల యంత్రమే.

చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి, మనిషి మాటను కంప్యూటరు అర్థం చేసుకునేలా చేయడానికి జీవితాన్ని వెచ్చించారు. 1994లో కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆ గౌరవం పొందిన తొలి ఆసియావాసి ఆయనే. చదువురాని వాళ్లు కూడా వాడుకోగలిగేలా టీవీ, ఫోను, కంప్యూటరు కలిసిన పరికరాన్ని 2004లోనే ప్రతిపాదించారు.

బెంగళూరులో ఐఐఎస్సీ ఆచార్యులు, ఎన్‌కోర్ సంస్థ ఇంజనీర్లు కలిసి 2001లో సింప్యూటర్ నమూనాను చూపించారు. అరచేతిలో పట్టే ఆ యంత్రం భారతీయ భాషల్లో చదివి వినిపించగలదు. ఒక్క యంత్రాన్నే ఊరంతా వాడుకునేలా ఎవరి స్మార్ట్‌కార్డు వాళ్లు పెట్టుకునే ఏర్పాటు చేశారు. 2004లో అమ్మకానికి వచ్చినా ఆశించినంతగా పోలేదు. అప్పటికే సెల్‌ఫోన్ల ధరలు దిగుతున్నాయి. అయినా చదువురాని రైతును దృష్టిలో పెట్టుకుని యంత్రం తయారుచేయాలన్న ఆ పట్టుదలను మనం మరిచిపోకూడదు.

2011 అక్టోబరులో కేంద్రం విడుదల చేసిన ఆకాశ్ టాబ్లెట్‌ను బిగించింది హైదరాబాదులోనే. విద్యార్థికి అతి చవకగా ఇవ్వాలన్నది సంకల్పం. ధర తగ్గించే తాపత్రయంలో తెర మొరాయించింది, వేగం చాలలేదు. పిల్లలు వాడని చవక వస్తువు దండగ ఖర్చేనని దేశం నేర్చుకుంది.

దానికి ముందే మన పాత కృష్ణా జిల్లాలోనే ఇంకో దారి కనిపించింది. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ట్రిపుల్ ఐటీలు మొదలయ్యాయి. పదో తరగతి పాసైన పల్లె పిల్లలకు సీటుతోపాటు ల్యాప్‌టాప్ కూడా ఇచ్చారు. ఆ సంస్థలకు తొలి కులపతి రాజ్ రెడ్డే. ఇక్కడ యంత్రం ఒంటరిగా రాలేదు. పాఠం, అధ్యాపకుడు, హాస్టలు, నెట్టు కలిసి వచ్చాయి. ఇంట్లో అంతకుముందు కంప్యూటరు ఎరగని పిల్లలు ఎందరో ఇంజనీర్లుగా బయటికొచ్చారు. 2022 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా టాబ్లెట్లు పంచారు. ఇలాంటి పథకం ఫలితాన్ని పంచిన సంఖ్యతో లెక్కించకూడదు. రెండేళ్ల తర్వాత ఎన్ని పనిచేస్తున్నాయి, చెడితే ఎవరు బాగుచేస్తున్నారు, టీచరు పాఠంలో ఎంత వాడుతున్నారు అన్నదే కొలమానం.

పక్క జిల్లాల పాఠం

జగ్గయ్యపేట దాటితే కోదాడ. అది పాత నల్లగొండ జిల్లా. 2000వ దశకం మొదట్లో ఆ జిల్లాలో పల్లెల్లో తిరిగే ఆరోగ్య కార్యకర్తలైన ఏఎన్ఎంలకు ప్రయోగంగా చేతి కంప్యూటర్లు ఇచ్చారు. గర్భిణుల వివరాలు, టీకాల లెక్కలు రిజిస్టర్ల నిండా రాసుకుంటూ కూర్చునే సమయాన్ని తగ్గించడం ఉద్దేశం. ఆ ఆలోచనే 2016లో అన్మోల్ టాబ్లెట్ రూపంలో వచ్చింది. దాన్ని ముందుగా అమలుచేసిన రాష్ట్రం మనదే.

అదే నల్లగొండ, ఖమ్మం సహా ఉమ్మడి రాష్ట్రంలోని ఎనిమిది జిల్లాల్లో 2010 నుంచి 2012 దాకా పెద్ద పరిశోధన జరిగింది. ఉపాధి హామీ కూలీ, పింఛను డబ్బును ఊళ్లోనే చేతి మిషన్ మీద వేలిముద్ర తీసుకుని స్మార్ట్‌కార్డుతో చెల్లించారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు 157 మండలాల్లో, 1.9 కోట్ల జనాభా ఉన్న ప్రాంతంలో దీన్ని పరిశీలించారు. కూలీ డబ్బు ముందుకంటే త్వరగా అందింది. ఒక్కో చెల్లింపుకు పట్టే సమయం సగటున 22 నిమిషాలు తగ్గింది. మధ్యలో మాయమయ్యే సొమ్మూ తగ్గింది. 2016లో ఆ ఫలితాలు ప్రపంచంలోని ప్రముఖ ఆర్థికశాస్త్ర పత్రికలో అచ్చయ్యాయి.

ఆ ముగ్గురే తర్వాత జార్ఖండ్ రేషన్ షాపుల్లో ఆధార్ వేలిముద్ర తప్పనిసరి చేసినప్పుడు ఏమైందో చూశారు. అక్కడ సగటున అక్రమాలు తగ్గలేదు. అప్పటికి కార్డుకు ఆధార్ కలపని కుటుంబాలకు అందే సరుకుల విలువ మాత్రం పది శాతం పడిపోయింది. రెండుచోట్లా చేతిలో పట్టే మిషనే, వేలిముద్రే. ఇక్కడ కూలీ గడప దగ్గరికి డబ్బు తెచ్చే పనికి దాన్ని వాడారు. అక్కడ హక్కుకు అడ్డంగా తలుపులా పెట్టారు. చిన్న కంప్యూటరు మేలు చేస్తుందా కీడు చేస్తుందా అన్నది దాన్ని ఏ పనికి పెట్టామన్నదాన్ని బట్టే ఉంటుందని చెప్పడానికి ఇంతకంటే గట్టి రుజువు అక్కర్లేదు.

పాల చీటీ, పత్తి తేమ

పాల కేంద్రం దగ్గర మిషన్ వచ్చాక జరిగిన మేలు ఆడవాళ్లకు బాగా తెలుసు. గేదెల చాకిరీలో ఎక్కువ భాగం వాళ్లదే. వెన్న శాతం తేలాలంటే ఇదివరకు పాలలో ఆమ్లం పోసి గాజు గొట్టాల్లో తిప్పి చూసేవాళ్లు. ఆ లెక్క కేంద్రం మనిషి చెప్పిందే. ఇప్పుడు అంకె కళ్లముందు పడుతుంది, చీటీ చేతికొస్తుంది. నిన్నటి చీటీతో ఇవాళ్టిది పోల్చుకుని దాణా మార్చాలా, గడ్డి మార్చాలా అని ఆలోచించే వీలు కలిగింది. యంత్రం ఇచ్చిన అంకె రైతు చేతిలో జ్ఞానంగా మారడమంటే ఇదే.

పత్తి దగ్గరికొస్తే ఆ ధీమా తక్కువ. పత్తిలో గుచ్చే తేమ మీటరు కూడా చిన్న కంప్యూటరే. భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోలులో తేమ 8 శాతం దాకా పూర్తి మద్దతు ధర. ఆపైన 12 శాతం దాకా ఆ మేరకు కోత. 12 దాటితే కొనరు. 2025-26కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అంటే తేమ ఒక్క శాతం పెరిగితే క్వింటాలుకు సుమారు 81 రూపాయలు పోతాయి. ఆ అంకె రైతుకు కనిపించేలా చూపించాలి, రెండు మూడు చోట్ల గుచ్చి చూడాలి, చీటీ మీద రాయాలి. ఆ సీజన్‌లోనే సీసీఐ 'కపాస్ కిసాన్' యాప్ తెచ్చింది. అందులో పేరు నమోదు చేసుకుని స్లాటు బుక్ చేసుకోవాలి. యార్డు ముందు రాత్రంతా బండి మీద పడుకునే అవస్థ తప్పించడానికి స్లాటు మంచి ఏర్పాటే. కానీ స్మార్ట్‌ఫోను లేని కౌలు రైతు, పంట నమోదులో పేరు పడని రైతు స్లాటు దాకా రాకముందే ఆగిపోతాడు.

మోటారు స్టార్టరు సంగతి చూడండి. సిమ్‌కార్డు పట్టే చిన్న పెట్టె బోరు దగ్గర బిగిస్తే చాలు, ఫోనుతో మోటారు వేయవచ్చు, ఆపవచ్చు. కరెంటు వచ్చిందో పోయిందో కబురు వస్తుంది. చీకట్లో పాముల భయంతో గట్ల మీద నడిచే ప్రయాణం తప్పింది. ఈ పెట్టెకు పెద్ద ప్రచారం జరగలేదు. పనికొచ్చింది కాబట్టి ఒక రైతును చూసి ఇంకో రైతు పెట్టించుకున్నాడు.

వేలిముద్ర పడకపోతే

మన రాష్ట్రంలో రేషన్ షాపులకు ఈ-పోస్ మిషన్లు 2015లో రావడం మొదలైంది. దానివల్ల కలిగిన మంచిని కాదనలేం. 2019 ఆగస్టు 9న దేశంలో తొలిసారిగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య, గుజరాత్, మహారాష్ట్రల మధ్య కార్డు ఎక్కడిదైనా రేషన్ తీసుకునే ఏర్పాటు మొదలైంది. హైదరాబాదులో తాపీ పనికి వెళ్లిన జగ్గయ్యపేట కుటుంబం అక్కడే బియ్యం తీసుకోగలగడం ఆ చిన్న మిషన్ చలవే.

అయితే ఇది పత్తి తీసే చేతుల నేల, మిర్చి కోసే చేతుల నేల, క్వారీల్లో రాయి కొట్టే చేతుల నేల. ఆ చేతుల మీద గీతలు అరిగిపోతాయి. 'వేలిముద్ర పడటం లేదు', 'సర్వర్ డౌన్' అన్న రెండు మాటలు వినని ఊరు లేదు. కనుపాప, ఓటీపీ, ముఖ గుర్తింపు వంటి ప్రత్యామ్నాయాలు వచ్చాయి. అవి కాగితం మీద ఉంటే చాలదు, ఆ పూటే అందాలి. 2023 జనవరి నుంచి ఉపాధి పనుల దగ్గర రోజుకు రెండుసార్లు ఫొటో తీసి యాప్‌లో హాజరు ఎక్కించాలన్నారు. ఫోను మొరాయిస్తే చేసిన పని లెక్కలోకి రాకుండా పోతుందేమోనన్న దిగులు కూలీది. గునపం పట్టిన మనిషి చెమట కంటే ఫొటోకు ఎక్కువ విలువ ఇచ్చే పద్ధతిని ఎవరూ సమర్థించకూడదు.

2024 జూలై నుంచి పింఛను డబ్బును గ్రామ సచివాలయ సిబ్బంది చేతి మిషన్‌తో ఇంటికే వచ్చి ఇస్తున్నారు. ముసలివాళ్ల మంచం దగ్గరికే యంత్రం నడిచి రావడం గొప్ప మార్పు. పోర్టబుల్ అన్న మాటకు అసలైన అర్థం అదే. మనిషి యంత్రం దగ్గరికి పోవడం ఆగి, యంత్రం మనిషి దగ్గరికి రావాలి.

తెలుగు తెలిసిన యంత్రం

1991లో యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. అయినా చాలా ఏళ్లపాటు మన ఫోన్లలో తెలుగు బదులు డబ్బాలు కనిపించేవి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా'తో కూడిన ఒక అక్షర కూర్పు సందేశంగా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ సంస్థ కొద్దిరోజుల్లోనే దాన్ని సరిచేసింది. కోట్లమంది మాట్లాడే భాషను తయారీదారులు ఎంత శ్రద్ధగా పరీక్షించాలో ఆ సంఘటన చెప్పింది.

2017 ఆగస్టులో గూగుల్ తెలుగులో మాట్లాడితే టైపు చేసే సౌకర్యం తెచ్చింది. రాజ్ రెడ్డి తరం మొదలుపెట్టిన పరిశోధన అలా మన అరుగు మీదికి చేరింది. అక్షరం రాని అమ్మ కూడా ఫోనులో మాట్లాడి వీడియో వెతుక్కుంటోంది. 2025 జనవరిలో మొదలైన 'మన మిత్ర' ద్వారా ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. ఇక అక్కడ మెట్ట యాస అర్థం కావాలి, బటన్ల మీద రాసేది జనం తెలుగు కావాలి.

ఈ పని చేయగల పిల్లలు మన దగ్గరే ఉన్నారు. కంచికచర్లలోనే ఎంఐసీ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. 2012లో 35 డాలర్లకు వచ్చిన రాస్ప్‌బెర్రీ పై లాంటి అరచేతి బోర్డులు విద్యార్థులు కొనుక్కోగలిగినవే. 2021-22లో కొత్తరకం తామరపురుగు మిర్చి తోటలను తుడిచిపెట్టింది. పురుగు ఉనికిని ముందే పసిగట్టే పరికరం, తెలుగులో పలికే తేమ మీటరు, మున్నేరు నది మట్టం పెరిగితే ఊరిని లేపే గంట ప్రాజెక్టు పనిగా ఎంచుకుంటే మార్కులూ వస్తాయి, ఊరికి మేలూ జరుగుతుంది. 2023 జూలైలో ఐతవరం దగ్గర జాతీయ రహదారినే మున్నేరు ముంచేసింది. ఈ అవసరం మన కళ్లముందు ఉన్నదే.

అడగాల్సింది మనమే

ప్రభుత్వాలు, మార్కెట్ కమిటీలు, పాల సంఘాలు నాలుగు పనులు చేయాలి. కొలిచే ప్రతి యంత్రం తెర జనం వైపు తిరిగి ఉండాలి. ప్రతి లావాదేవీకి తెలుగు చీటీ ఇవ్వాలి. యంత్రం మొరాయిస్తే ఆ రోజే, అక్కడే సంతకంతో పని జరిగే దారి ఉండాలి. ఫోను లేనివాళ్ల తరఫున నమోదు చేసే బాధ్యత సచివాలయంలో ఒకరికి అప్పగించాలి. వీటికి కొత్త యంత్రాలేమీ కొననక్కర్లేదు, మనసు పెడితే చాలు.

మన వంతు పనులూ ఉన్నాయి. కాటా దగ్గర, పోస్ దగ్గర తెర చూపించమని అడగండి. చీటీ తీసుకోకుండా కదలకండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోనులో తెలుగు పెట్టండి, మాట్లాడి వెతకడం నేర్పండి. ఓటీపీ, యూపీఐ పిన్ ఎవరు అడిగినా చెప్పవద్దని పదేపదే చెప్పండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలని గోడ మీద రాసి పెట్టండి. పాత ఫోనును పారేసే ముందు చదువుకునే పిల్లలెవరికైనా పనికొస్తుందేమో చూడండి. పాడైన బ్యాటరీని చెత్తకుప్పలో మాత్రం వేయకండి, మంట పుట్టవచ్చు.

కంప్యూటరు చిన్నదైంది, చవకైంది, మన గుమ్మంలోకి వచ్చింది. దాన్ని మన తెలుగులో మాట్లాడించి, మనకు జవాబు చెప్పేలా చేసుకోవడం ఇక మన బాధ్యత. ఈ వారం పాల కేంద్రానికో, రేషన్ షాపుకో, పత్తి యార్డుకో వెళ్లినప్పుడు తెర మీ వైపు తిప్పమని అడగండి.